మూడో కాలంలో వేళ్లు తడబడుతున్నాయా? వయొలిన్ మీద వేగం, స్పష్టత తెచ్చుకోవడం ఎలా

"మొదటి కాలం బాగానే వస్తుంది సార్, రెండో కాలం కూడా పర్వాలేదు. మూడో కాలానికి వచ్చేసరికి చెయ్యి తిరగడం లేదు."

తిరుపతిలో సాయంత్రం పూట మా ఇంటికి వయొలిన్ నేర్చుకోవడానికి వచ్చే పిల్లల అమ్మానాన్నలు అడిగేది ఇదే. నలభై దాటాక ఫిడేలు పట్టుకున్న పెద్దవాళ్లు అడిగేదీ ఇదే. కాలం అంటే ఇక్కడ వేగం: ఒకే పాఠాన్ని మూడు వేగాల్లో వాయిస్తాం, ఒక్కో కాలం దాని ముందుదానికి రెట్టింపు. చిత్తూరు నుంచి ప్రతి ఆదివారం బస్సెక్కి వచ్చే ఒకాయన అయితే చెప్పులు విప్పకముందే అడుగుతాడు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే ఒకసారి రాసిపెడితే మేలనిపించింది.

కర్ణాటక సంగీతంలో మొదటి పాఠాలైన సరళీ స్వరాలు, జంట స్వరాలు అయిపోయి అలంకారాల్లో ఉన్నవాళ్ల కోసం ఇది. వాటి తర్వాత వచ్చే గీతాలు దాటి వర్ణం రెండో కాలంలో ఇరుక్కున్నవాళ్లకూ పనికొస్తుంది. వేళ్ల గురించి చెప్పేది వయొలిన్‌కే. మిగతా పద్ధతి వీణకైనా, వేణువుకైనా, కీబోర్డుకైనా ఒకటే. వయొలిన్ పట్టుకోవడమే ఇంకా నేర్చుకుంటున్నవాళ్లు దీన్ని పక్కన పెట్టి మీ గురువుగారు చెప్పింది చేయండి.

చెయ్యి మొత్తంగా మందంగా ఉండి వేగం రాకపోవడం చాలా అరుదు. ఏదో ఒక స్వరం నుంచి పక్క స్వరానికి వెళ్లే చోట వేలు ఒక్క క్షణం తటపటాయిస్తుంది. మొదటి కాలంలో కావలసినంత సమయం ఉంటుంది కాబట్టి అది వినపడదు. మూడో కాలంలో ఆ క్షణం దొరకదు, అక్కడినుంచి వరుస మొత్తం కూలిపోతుంది. మనమేమో చెయ్యి తిరగడం లేదనుకుని మొదటినుంచి చివరిదాకా వందసార్లు వాయిస్తాం. ఆ అతుకు వందసార్లూ తప్పుగానే పోతుంది. అంటే తప్పును కూడా బాగా సాధకం చేస్తున్నామన్నమాట. కింద చెప్పేదంతా ఆ అతుకును పట్టుకుని బాగుచేసే పని.

కావలసినవి

- శ్రుతి చేసిన వయొలిన్ (మంద్ర స, మంద్ర ప, మధ్య స, మధ్య ప; మంద్ర అంటే కింది స్థాయి, మధ్య అంటే నడిమి స్థాయి)
- తంబుర యాప్ లేదా శ్రుతిపెట్టె
- మెట్రోనోమ్ యాప్ (నిమిషానికి ఇన్ని అని పెడితే అన్ని దెబ్బలు సమంగా కొట్టేది)
- రికార్డు చేయడానికి ఇంకో ఫోన్. ఇంట్లో ఎవరిదైనా పావుగంట అడిగి తీసుకోండి
- పెన్సిల్, పాత నోటుబుక్కు
- రెండు మెత్తటి నూలు గుడ్డలు: ఒకటి వేళ్లకు, ఒకటి వయొలిన్‌కు
- ఐదు చింతగింజలు

చింతగింజలు ఎందుకో తర్వాత చెబుతాను. మెట్రోనోమ్ లేకపోతే ఇంట్లో ఒకరిని ఎదురుగా కూర్చోబెట్టి తాళం వేయించండి. కాకపోతే అమ్మానాన్నలు తాళం వేస్తే పిల్లలు ఎక్కడ తడబడితే అక్కడ ప్రేమతో వాళ్లూ ఆగుతారు. యంత్రానికి ఆ ప్రేమ ఉండదు, అందుకే అది మంచిది.

మొదలుపెట్టేముందు వాయిద్యం సంగతి చూడండి. తిరుపతి ఎండల్లో, ముఖ్యంగా మే నెలలో, వేలు తీగ మీద చెమటకు జారుతుంది. పది నిమిషాలకోసారి వేళ్లూ తీగలూ తుడవండి. గాలి బాగా ఎండిపోయినప్పుడు బిరడాలు (తీగలు చుట్టి బిగించేవి) వదులై శ్రుతి దిగుతుంది, నవంబరు వానల్లో అవే బిరడాలు బిగుసుకుపోతాయి, కమాను (వయొలిన్ వాయించే విల్లు) వెంట్రుకలు సాగుతాయి. శ్రుతి దిగిన వయొలిన్ మీద గంట సాధకం చేస్తే వేళ్లకు తప్పుడు చోట్లు అలవాటవుతాయి. కాబట్టి మధ్యమధ్యలో శ్రుతి చూసుకోవాల్సిందే. ఎడమ చేతి వేళ్లకు కొబ్బరినూనె రాసుకునే అలవాటున్నవాళ్లు ఒక్క చుక్కతో సరిపెట్టుకోండి. అది కమాను తాకే చోటికి గాని, వెంట్రుకలకు గాని అంటిందంటే ఆ రోజుకు నాదం పోయినట్టే.

1. కూర్చున్న తీరు, బొటనవేలు, కుడి పాదం

వయొలిన్ తల కుడి చీలమండ మీద ఆనుతుంది, రెండో కొస ఎడమ భుజానికీ ఛాతీకీ మధ్య ఉంటుంది. బరువంతా ఈ రెండు చోట్లే మోయాలి. ఎడమ చెయ్యి వయొలిన్‌ను మోయకూడదు. మోస్తోందో లేదో తెలుసుకోవడానికి, ఏదైనా స్వరం వాయిస్తూ ఎడమ బొటనవేలిని ఒకసారి ఎత్తి దించండి. వయొలిన్ కదిలిందా, స్వరం వణికిందా? అయితే మీ బొటనవేలు గట్టిగా నొక్కుతోంది. బొటనవేలు నొక్కితే మిగతా నాలుగు వేళ్లూ బిగుసుకుంటాయి, బిగుసుకున్న వేలు వేగంగా కదలదు.

కుడి పాదం గురించి ఎవరూ చెప్పరు. రెండు చేతులూ పనిలో ఉంటాయి కాబట్టి చాలామంది తాళం కాలితో వేస్తారు. కుడి కాలి బొటనవేలు కదిలిస్తే దాని మీద ఆనిన వయొలిన్ తల కూడా ఊగుతుంది. మొదటి కాలంలో ఏమీ తెలియదు. మూడో కాలంలో మాత్రం ప్రతి అక్షరానికీ, అంటే తాళం దెబ్బకీ, తీగ వేలి కింద కాస్త జరుగుతుంది, స్వరం కలగాపులగం అవుతుంది. నా దగ్గరికి వచ్చే ఒక అమ్మాయికి మూడు వారాలపాటు వేళ్లు సరిచేశాను. తప్పు వేళ్లలో లేదు, పాదంలో ఉంది. తాళం ఎడమ కాలి వేలితో వేయండి, లేకపోతే మెట్రోనోమ్‌కు వదిలేయండి.

వేళ్లు తీగ మీంచి అర అంగుళం కంటే పైకి లేవకూడదు. మహతి ఆడిటోరియంలో గాని, తిరుమలలో నాద నీరాజనం వేదిక ముందు గాని కూర్చున్నప్పుడు వయొలిన్ విద్వాంసుల ఎడమ చేతినే చూడండి. చాలా వేగంగా వాయించేటప్పుడు ఆ వేళ్లు అసలు లేస్తున్నాయా అనిపిస్తుంది.

2. మూడో కాలం నుంచి వెనక్కి లెక్కపెట్టండి

నాకు పదిహేనేళ్లప్పుడు ఒక పరీక్షలో త్రిపుట తాళ అలంకారం మూడు కాలాల్లో వాయించమన్నారు. హుషారుగా ఎత్తుకున్నాను. మొదటి కాలం బ్రహ్మాండం, రెండో కాలం కొంచెం ఉక్కిరిబిక్కిరి. మూడో కాలంలో "స రి గ స రి గ మ" మూడోసారి రాకముందే కమాను ఒకవైపు, వేళ్లు ఒకవైపు. పరీక్షకులు పెన్ను కింద పెట్టి, "నువ్వు మొదటి కాలం ఎత్తుకున్నప్పుడే తెలిసింది నాయనా" అన్నారు. ఆ రోజు ఏడుపొచ్చింది గాని, ఆయన చెప్పింది నిజం.

లెక్క చిన్నదే. ఆదితాళం ఒక ఆవర్తనానికి, అంటే ఒక చుట్టుకు, 8 అక్షరాలు. మొదటి సరళిలో ఆరోహణ (ఎక్కడం), అవరోహణ (దిగడం) కలిపి 16 స్వరాలు. మొదటి కాలంలో అక్షరానికి ఒకటి, అంటే 2 ఆవర్తనాలు. రెండో కాలంలో అక్షరానికి రెండు, 1 ఆవర్తనం. మూడో కాలంలో అక్షరానికి నాలుగు, అర ఆవర్తనం, కాబట్టి రెండుసార్లు వాయిస్తే ఆవర్తనం నిండుతుంది. మెట్రోనోమ్ 60 దగ్గర పెడితే మొదటి కాలానికి 16 సెకన్లు, రెండో దానికి 8, మూడో దానికి 4 సెకన్లు. సెకనుకు నాలుగు స్వరాలు. అదే 80 పెడితే సెకనుకు అయిదుకు పైనే. మొదటి కాలంలో 60కీ 80కీ తేడా చెవికి పెద్దగా తెలియదు, మూడో కాలంలో అది కొండంత.

అందుకని, కమాను పట్టుకోకముందే మూడో కాలాన్ని మనసులో ఒకసారి అనుకోండి. మీకు తేలిగ్గా వచ్చే వేగంలో "సరిగమ పదనిస" అని నోట్లోనే అనుకుని, దానికి తాళం ఎక్కడ పడుతుందో చూసి, ఆ తాళంతో మొదటి కాలం ఎత్తుకోండి. చాలామందికి మొదట్లో అది 40, 50 మధ్య ఉంటుంది. మొదటి కాలం సాగదీసినట్టు, నిద్రొచ్చేలా ఉంటుంది. ఉండనివ్వండి.

3. వేళ్లకంటే ముందు నోరు

వయొలిన్ పక్కన పెట్టి, చేత్తో తాళం వేస్తూ మూడు కాలాలూ ఆగకుండా పాడండి. రాగం గొప్పగా ఉండనక్కర్లేదు. స్వరం పేరు స్పష్టంగా పలకాలి, తాళం ఆగకూడదు. చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్లై గారి గురించి మా పెద్దవాళ్లు మాట్లాడితే ముందు ఆయన లయ గురించే చెప్పేవాళ్లు. ఆయన గాయకులు, కాంచీపురం నాయనా పిళ్లై శిష్యులు. వాయిద్యం వాయించేవాళ్లు పాడేవాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది ఆ లయే.

పాడేటప్పుడు ఒకచోట జాగ్రత్త. "పదనిస సనిదప" అన్నప్పుడు పైన రెండు స లు ఉన్నాయి. వేగం పెరిగేకొద్దీ నోరు ఒక స ను మింగేస్తుంది, "పదనిసనిదప" అయిపోతుంది. 16 స్వరాలకు 15 అవుతాయి, అక్కడినుంచి తాళం పక్కకు జరుగుతుంది. కింద "మగరిస" అయ్యాక మళ్లీ "సరిగమ" ఎత్తుకునేటప్పుడూ ఇదే. వేళ్ల తప్పు అనుకున్నది చాలాసార్లు నోటి తప్పు.

నోటితో వరుసగా మూడుసార్లు సరిగ్గా వచ్చేదాకా కమాను ముట్టుకోవద్దు.

4. అతుకు ఎక్కడుందో పట్టుకోండి

ఇప్పుడు మెట్రోనోమ్ 50 దగ్గర పెట్టి, మూడో కాలం నాలుగుసార్లు వాయించి రికార్డు చేయండి. తప్పు పోయినా ఆగొద్దు. తర్వాత దాన్ని సగం వేగంతో వినండి, ఫోన్‌లో ఆ సదుపాయం ఉన్న యాప్‌లు చాలా ఉన్నాయి. సగం వేగంలో వింటే సిగ్గేస్తుంది, కానీ దాపరికం ఉండదు. నోటుబుక్కులో స్వరాలు రాసుకుని, రెండు స్వరాల మధ్య ఆలస్యమైన చోట, శ్రుతి పోయిన చోట పెన్సిల్‌తో గీత పెట్టండి. నాలుగుసార్లలో మూడుసార్లు ఒకేచోట గీత పడితే అదే మీ అతుకు. ఒకేసారి పడిన గీతను వదిలేయండి.

ఈ మొదటి పాఠాలు నేర్పే మాయామాళవగౌళ రాగంలో గీతలు దాదాపు ఎప్పుడూ ఈ నాలుగు చోట్లే పడతాయి:

- పైకి వెళ్లేటప్పుడు మ నుంచి ప. స తీగ మీద మూడో వేలి నుంచి ఖాళీ (వేలు పెట్టని) ప తీగకు కమాను దాటాలి.
- కిందికి వచ్చేటప్పుడు ప నుంచి మ. ఇదే అన్నిటికంటే మొండిది.
- రి–గ, ద–ని. ఈ రాగంలో వీటి మధ్య ఎడం ఎక్కువ, మొదటి రెండు వేళ్లూ బాగా విచ్చుకోవాలి. తొందరలో రి కాస్త పైకి, గ కాస్త కిందికి జారి రెండూ దగ్గరైపోతాయి.
- పైన స–స.

5. అతుకును మాత్రమే బాగుచేయండి

ఒక్కదాన్ని దగ్గరగా చూద్దాం: అవరోహణలో "ప మ గ రి".

ఎక్కువమంది ఏం చేస్తారంటే, ఖాళీ ప మోగుతున్నంతసేపూ వేళ్లన్నీ గాల్లో ఉంచుతారు. కమాను స తీగ మీదికి దిగినప్పుడు మూడో వేలిని మ కోసం వెతికిస్తారు. కమాను ముందే చేరుతుంది, వేలు తర్వాత. ఆ మధ్యలో ఖాళీ స తీగ "ఙ" మని ఒక మూలుగు వేస్తుంది. సగం వేగంలో వింటే ఆ మూలుగు స్పష్టంగా వినపడుతుంది.

చేయాల్సింది ఇది. ప మోగుతుండగానే మూడు వేళ్లూ స తీగ మీద కూర్చోవాలి. మొదటి వేలు రి మీద, రెండోది గ మీద, మూడోది మ మీద, గ–మ వేళ్లు ఒకదానికొకటి ఆనుకుని. ఇక కమాను దిగగానే మ పలుకుతుంది. మూడో వేలు ఎత్తితే గ, రెండోది ఎత్తితే రి. వెతకడం అనేదే లేదు, ఎత్తడమే. పైన "స ని ద" కూడా ప తీగ మీద అచ్చం ఇంతే. ఆరోహణలో దీనికి తిరగేసి: రి వేసిన వేలిని గ వేసేటప్పుడు ఎత్తొద్దు, గ వేలిని మ వేసేటప్పుడు ఎత్తొద్దు.

ముందు కమాను లేకుండా ఎడమ చేత్తో మాత్రమే పదిసార్లు చేయండి. వేళ్లు తీగ మీద పడే చప్పుడు వినండి: మూడూ ఒకేసారి "టప్" మనాలి, "టటప్" అనకూడదు. తర్వాత "ప మ" రెండే స్వరాలు కమానుతో. తర్వాత "ద ప మ గ". చుట్టూ రెండేసి స్వరాలు కలిపి బాగా వచ్చాకే వరుస మొత్తంలో పెట్టండి.

రి–గ ఎడం సంగతైతే, రి వేలిని కదలనివ్వకుండా ఉంచి గ వేలిని మాత్రం ఇరవైసార్లు వేసి తీయండి. కదిలేది ఒక వేలే. రి జరిగిందా అని మధ్యలో వినండి.

6. మెట్లు, చింతగింజలు

చింతగింజలు ఐదూ ఎడమ పక్క పెట్టుకోండి. వరుస తప్పు లేకుండా వస్తే ఒక గింజ కుడి పక్కకు. తప్పు పోతే కుడి పక్కవన్నీ మళ్లీ ఎడమకు. ఐదూ కుడి పక్కకు చేరితేనే మెట్రోనోమ్ 4 పెంచండి. నాలుగు గింజలు జరిపి ఐదోదాని దగ్గర తప్పు పోతే ఎంత ఉక్రోషం వస్తుందో చూడండి. ఆ ఐదోసారి వచ్చే టెన్షన్ పరీక్షలో వచ్చే టెన్షన్ లాంటిదే, దానికీ ఇక్కడే అలవాటు పడతారు.

50, 54, 58... రెండు మెట్లెక్కాక ఒక మెట్టు దిగండి. 58 అయ్యాక మళ్లీ 54 దగ్గర ఒకసారి హాయిగా వాయించి 62కు వెళ్లండి. అలిపిరి మెట్లు ఎక్కినవాళ్లకు ఈ సంగతి చెప్పక్కర్లేదు. మొదట్లో పరుగెత్తినవాళ్లు గాలిగోపురం చేరకముందే గోడకానుకుని కూర్చుంటారు.

ఒకచోట ఎంతకీ పైకి కదలకపోతే దారి మార్చండి. మూడో కాలం 60 దగ్గర అంటే నిమిషానికి 240 స్వరాలు. రెండో కాలం 120 దగ్గర పెట్టినా అంతే. కాబట్టి రెండో కాలాన్నే 80, 90, 100 అంటూ 120 దాకా తీసుకెళ్లి, అక్కడ మెట్రోనోమ్‌ను 60కి దించండి. వేళ్లు చేసే పని మారదు, తాళం పడే చోటు ఒకటే మారుతుంది. మూడో కాలం అనే మాటకే బిగుసుకుపోయే పిల్లలకు ఇది బాగా పనిచేస్తుంది. ముందు చెప్పకుండా చేయించి, తర్వాత "నువ్విప్పుడు వాయించింది మూడో కాలమే" అంటే వాళ్ల ముఖం చూడాలి.

7. గుప్పెడు గుప్పెడుగా

నెమ్మదిగా మొదలుపెట్టి కొంచెం కొంచెం పెంచుకుంటూ పోవడం ఒక్కటే చాలదు. నెమ్మదిగా వాయించేటప్పుడు చెయ్యి కదిలే తీరు వేరు, వేగంలో వేరు. అందుకని రోజూ కాసేపు నిజమైన వేగాన్ని చెయ్యికి రుచి చూపించాలి, కాకపోతే చిన్న ముక్కల్లో. "సరిగమ" నాలుగూ గబుక్కున వాయించి ప మీద ఆగండి. ఊపిరి తీసుకుని చెయ్యి వదులు చేయండి. "పదనిస" గబుక్కున, స మీద ఆగండి. ఆగినప్పుడు భుజం బిగుసుకుని ఉందేమో చూసుకోండి. నాలుగు బాగా వస్తే ఎనిమిది. ఎనిమిది వస్తే పదహారు. మొదలుపెట్టే చోటు కూడా మార్చండి, "రిగమప", "గమపద" అని. ఎప్పుడూ స నుంచే మొదలుపెడితే తాళం మీద పడే స్వరాలు ఎప్పుడూ అవే బాగుంటాయి, మధ్యవి ఎప్పుడూ నలిగిపోతాయి.

పొడుగు–పొట్టి పద్ధతీ ఉంది: "సా–రి గా–మ పా–ద నీ–స", తర్వాత దాన్నే తిప్పి "స–రీ గ–మా ప–దా ని–సా". రెండు వైపులా చేస్తే ప్రతి అతుకుకూ ఒకసారి వేగం, ఒకసారి విశ్రాంతి దొరుకుతాయి. ఐదు నిమిషాలు చాలు.

8. కమాను

వేళ్ల మీద నెపం వేసే తప్పుల్లో సగం కమానువే. చాలామంది గురువులు మొదటి కాలంలో కమానుకు ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు చొప్పున వాయిస్తారు. అలా చేస్తే మూడు కాలాల్లోనూ కమాను నడక ఒకటే, ఎడమ చెయ్యే వేగం పెంచుతుంది. పైన చెప్పిన రెండు స ల చిక్కు కూడా తీరుతుంది: "పదనిస" ఒక కమానుకు, "సనిదప" తర్వాతి కమానుకు, కమాను తిరిగేది సరిగ్గా రెండు స ల మధ్య. కమాను తిరిగింది కాబట్టి రెండూ విడిగా వినపడతాయి.

మీ గురువుగారు మూడో కాలంలోనూ విడి కమాను, అంటే స్వరానికో కమాను, చెబితే అదే చేయండి. అప్పుడు కమాను మధ్య భాగంలో రెండు మూడు అంగుళాలే వాడాలి, మోచెయ్యి కాకుండా మణికట్టు కదలాలి. విడి కమానులో వేలు ముందు పడి, ఆ తర్వాతే కమాను తిరగాలి. తిరగబడితే ప్రతి స్వరానికీ ముందు ఒక గీరుడు వినిపిస్తుంది. ఖాళీ తీగ మీద ఒట్టి కమానునే మూడో కాలంలో ఒక నిమిషం నడిపి చూడండి. అదే సమంగా రాకపోతే వేళ్లను తిట్టి లాభం లేదు.

జంట స్వరాలకు మాత్రం ఒక మాట. "సస రిరి గగ"లో రెండో స్వరానికి బలం ఇవ్వాలి. వేగంలో అందరూ మొదటిదానికి ఇస్తారు, రెండోది నలిగిపోతుంది. రెండోదానికి బలం వచ్చేలా జంటలు వాయించగలిగినవాళ్లకు మిగతా వేగం చాలావరకు దానంతటదే వస్తుంది. నా మటుకు నాకు సరళికంటే జంటల మీదే నమ్మకం ఎక్కువ.

9. శ్రుతి చూసుకోవడం

వేగంగా వాయిస్తూ శ్రుతి చూడలేం. అందుకే వేగంగా వాయించి, హఠాత్తుగా ఒక స్వరం మీద ఆగి, ఆ వేలిని కదల్చకుండా తంబురతో పోల్చండి. వేలు ఎక్కడ పడిందో అక్కడే ఉంచి వినాలి. చెవికి తెలియగానే వేలు దొంగతనంగా సర్దుకుంటుంది, దాన్ని సర్దుకోనివ్వొద్దు.

వయొలిన్‌లోనే కొలతలు ఉన్నాయి. మంద్ర ప తీగ మీద మూడో వేలితో వేసే స, ఖాళీ మధ్య స తీగతో ఒకటై కలవాలి. స తీగ మీద చిటికెన వేలితో వేసే ప, ఖాళీ ప తీగతో కలవాలి. పైన తార స సరిగ్గా పడితే మీరు ముట్టుకోని స తీగ కూడా సన్నగా మోగుతుంది. తుడిచి శుభ్రంగా ఉన్న వయొలిన్ మీద ఇది బాగా తెలుస్తుంది. ట్యూనర్ యాప్ వాడొచ్చు గాని, కదలకుండా నిలిచే స్వరానికే. గమకం (ఊపు) ఉన్న స్వరాన్ని ట్యూనర్‌తో కొలిస్తే ముల్లు పిచ్చెక్కినట్టు తిరుగుతుంది, మీకూ పిచ్చెక్కుతుంది.

రోజుకు ఎంతసేపు

నలభై నిమిషాలు ఉంటే: శ్రుతి, ఖాళీ తీగలు 5, నోటితో 5, అతుకు పని 10, చింతగింజలు 10, గుప్పెళ్లు 5, మిగతా 5 నిమిషాలు మీకు ఇష్టమైనది ఏదైనా, లెక్కల్లేకుండా. ఇరవై నిమిషాలే ఉంటే అతుకు, చింతగింజలు చాలు. ఆదివారం రెండు గంటలు కూర్చోవడం కంటే రోజూ ఇరవై నిమిషాలే నయం.

నొప్పి వస్తే, వేళ్లు తిమ్మిరెక్కితే ఆపేయండి. వేలి కొసల దగ్గర మంట మామూలే. మణికట్టులో, మోచేతిలో నొప్పి మామూలు కాదు. రెండు రోజులు ఆగినా తగ్గకపోతే డాక్టరుకు చూపించండి, పళ్లు బిగించి వాయించకండి.

తరచుగా పోయే తప్పులు

"మావాడు రోజూ గంట వాయిస్తా ఉండాడు సార్, అయినా రాలేదు" అన్నారు ఒక తండ్రి. ఆ గంట ఎలా గడుస్తోందో ఒకరోజు వెళ్లి చూశాను. తప్పు పోయిన ప్రతిసారీ పిల్లాడు మళ్లీ మొదటి "స" నుంచి ఎత్తుకుంటున్నాడు. గంటలో "సరిగమ" వందసార్లు, "మగరిస" ఇరవైసార్లు. మొదటి సగం నున్నగా, రెండో సగం గతుకులుగా ఉందంటే మీదీ ఇదే రోగం. అవరోహణ నుంచి మొదలుపెట్టండి.

రెండోది, తప్పు పోగానే అదే స్వరాన్ని వెంటనే సరిచేసి ముందుకు పోవడం. కొన్నాళ్లకు ఆ సరిచేయడం కూడా వరుసలో భాగమైపోతుంది. ఆగండి, వెనక్కి రెండు స్వరాలు వెళ్లి ఎత్తుకోండి.

మూడోది పరుగు. తేలికైన చోట వేగం పెరిగి, కష్టమైన చోట తగ్గడం. త్యాగరాజ ఆరాధనలకు గోష్ఠిలో వాయించేవాళ్లకు ఇది బాగా అంటుకుంటుంది. పదిమందితో కలిసి పరుగెత్తుతుంటే పరుగని తెలియదు.

నాలుగోది, గట్టిగా నొక్కడం. వేగానికి బలం అక్కర్లేదు. తీగ పలకడానికి ఎంత కావాలో అంతే నొక్కండి.

ఫలితం చూసుకోవడం ఎలా

రాత్రి ఐదు గింజలు దాటాయని సంబరపడొద్దు. ఇరవైసార్లు వాయించాక ఇరవై ఒకటోసారి ఎవరికైనా వస్తుంది. మర్నాడు పొద్దున శ్రుతి చేసి, ఏ సాధకమూ లేకుండా, మొట్టమొదటిసారి వాయించినప్పుడు ఏ వేగంలో తప్పు లేకుండా వస్తుందో అదే మీ అసలు వేగం. తేదీ వేసి ఆ అంకె రాసుకోండి. రాత్రి అంకె కంటే పొద్దున అంకె పది తక్కువ ఉండొచ్చు, కంగారు పడొద్దు. వారం వారం చూడాల్సింది పొద్దున అంకెనే.

లయకు ఇంకో పరీక్ష. 60 దగ్గర బాగా వస్తోందనుకుంటే మెట్రోనోమ్‌ను 30కి దించి, రెండు అక్షరాలకు ఒక దెబ్బ చొప్పున లెక్కపెట్టి అదే వేగంలో వాయించండి. మధ్య అక్షరం మీ లోపల ఉండాలి. దెబ్బ మీ స్వరం కంటే వెనక పడుతుంటే మీరు పరుగెడుతున్నారు.

చివరి పరీక్ష గోల. గంగమ్మ జాతర రోజుల్లో వీధిలో డప్పులు మోగుతుంటే మా ఇంట్లో క్లాసు మానేయను. కిటికీ తెరిచే మూడో కాలం వాయించమంటాను. బయటి లయకు లొంగకుండా తన తాళం నిలబెట్టుకున్న పిల్లకు వేదిక మీద ఇబ్బంది ఉండదు. మీ వీధిలో జాతర లేకపోతే టీవీ పెట్టుకోండి.

ఎన్నాళ్లు పడుతుందని అడుగుతారు. ఒక అతుకు సర్దుకోవడానికి నా దగ్గరి పిల్లలకు వారం నుంచి మూడు వారాలు పట్టింది. వరుస మొత్తానికి ఇంతని చెప్పలేను, ఎవరి అతుకులు వాళ్లవి. ఒక అతుకు సర్దుకోగానే ఇంకోటి బయటపడుతుంది, ఎందుకంటే వేగం పెరిగింది కాబట్టి అంతకుముందు దాగి ఉన్నది ఇప్పుడు వినపడుతోంది. కొత్త గీత పడిందంటే పైన 4వ భాగానికి, అంటే అతుకును పట్టుకునే పనికి, తిరిగి వెళ్లండి.

లేచేముందు కమాను వెంట్రుకలు వదులు చేయండి, తీగల కింద పడిన రోజిన్ (కమానుకు రాసేది) పొడి తుడవండి, గింజలు డబ్బాలో వేయండి. మా ఇంట్లో అవి రెండుసార్లు పచ్చడి చింతపండులో కలిసిపోయాయి.